డెవిల్స్ టవర్ జాతీయ స్మారకం: కెమెరాతో వెళ్లేవారి కోసం ఒక సమీక్ష

అమెరికా పటం ముందు పెట్టుకుని చూస్తే, ప్రకృతి చెక్కిన వింత రూపాల్లో చాలావాటికి సైతాను పేరే కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో డెవిల్స్ పోస్ట్‌పైల్, అదే రాష్ట్రంలో డెత్ వ్యాలీలోని డెవిల్స్ గోల్ఫ్ కోర్స్, అరిజోనాలో సెడోనా దగ్గరి డెవిల్స్ బ్రిడ్జ్, యూటాలోని ఆర్చెస్ జాతీయ ఉద్యానవనంలో డెవిల్స్ గార్డెన్, ఇలా ఈ వరుస చాలా దూరం పోతుంది. వీటిలో కేవలం ఫొటోల కోసమే ప్రయాణం పెట్టుకోదగిన చోటు ఒకటి చెప్పమంటే, వయోమింగ్ రాష్ట్రపు ఈశాన్య మూలనున్న డెవిల్స్ టవర్ పేరు నేను సందేహించకుండా చెబుతాను. ఆ శిల గొప్పదనం ఒక కారణమే కాని, అంతకు మించిన కారణం మరొకటి ఉంది. ఫొటో తీసేవారికి అవసరమైన వేళల్లో, అంటే తెల్లవారకముందు, చీకటి పడ్డాక, అర్ధరాత్రి దాటాక కూడా, ఆ స్మారకం గేటు మూసుకోదు. రోజుకు 24 గంటలూ, ఏడాది పొడవునా లోపలికి వెళ్లవచ్చు. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్న విషయమంతా ఆ ఒక్క సౌకర్యం చుట్టూనే తిరుగుతుంది. పగలు పది గంటలకు వచ్చి మధ్యాహ్నం రెండింటికి వెళ్లిపోయేవారికి ఇక్కడ దొరికేది ఒక మంచి దృశ్యం మాత్రమే. ఒక సాయంత్రం, ఒక రాత్రి, ఒక ఉదయం వరుసగా ఇక్కడే గడిపినవారికి మాత్రం ఒకే శిల ఎన్ని రకాలుగా కనబడగలదో తెలిసివస్తుంది.

ముందుగా శిల గురించి కొంత తెలిసి ఉండటం అవసరం, ఎందుకంటే ఇక్కడ ఫ్రేము ఎంపిక దాని నిర్మాణాన్ని బట్టే ఉంటుంది. అడుగు నుంచి శిఖరం దాకా ఈ టవర్ ఎత్తు 264 మీటర్లు, సముద్రమట్టం నుంచి లెక్కిస్తే శిఖరం 1,558 మీటర్ల ఎత్తున ఉంటుంది. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భంలోని శిలాద్రవం పైనున్న అవక్షేప శిలల్లోకి చొచ్చుకువచ్చి అక్కడే చల్లారింది. చల్లారేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల పగుళ్లు ఏర్పడి, ఆ పగుళ్లు నిలువునా సాగి, ఐదారు పలకల స్తంభాలుగా రాయి విడిపోయింది. తరువాత లక్షల ఏళ్లపాటు వాన, వాగులు, బెల్ ఫూర్ష్ నది కలిసి చుట్టూ ఉన్న మెత్తటి రాళ్లను కోసుకుపోగా, గట్టిగా ఉన్న ఈ ఫోనోలైట్ పోర్ఫిరీ అనే అగ్నిశిల ఒక్కటే బయటపడి నిలిచింది. అది అగ్నిపర్వతపు గొంతులో గడ్డకట్టిన ముద్దా, భూగర్భంలోనే ఆగిపోయిన చొరబాటు శిలా అన్న విషయంలో శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఫొటోగ్రాఫర్‌కు కావలసిన సంగతి వేరు. స్తంభాలన్నీ కింద కొంచెం బయటికి ఒరిగి, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ దగ్గరికి చేరతాయి. చెరుకు గడలను కట్టగట్టి నిలబెట్టినట్టుండే ఈ రూపానికి పక్క నుంచి పడే వెలుగు తగిలినప్పుడు ప్రతి స్తంభానికీ ఒక వెలుగు అంచు, ఒక నీడ అంచు ఏర్పడతాయి. ఎదురుగా నిండుగా పడే వెలుగులో ఆ గీతలన్నీ చదునైపోతాయి. మధ్యాహ్నం తీసిన ఫొటోలు సాదాగా ఉండటానికి కారణం ఇదే.

చేరుకునే మార్గం కష్టమైనదేమీ కాదు. ఐ-90 రహదారి మీద సన్‌డాన్స్ పట్టణం దగ్గర దిగి 14, 24 నంబర్ల రోడ్ల మీదుగా సుమారు 45 కిలోమీటర్లు వెళితే తూర్పు వైపునున్న ప్రవేశద్వారం వస్తుంది. నేను వెళ్లిన కాలంలో ఒక కారుకు ప్రవేశ రుసుము 25 డాలర్లు, ఆ టికెట్టు ఏడు రోజులపాటు చెల్లుతుంది. ఒకే రోజులో మూడు నాలుగు సార్లు బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లే ఫొటోగ్రాఫర్లకు ఈ ఏడు రోజుల ఏర్పాటు చాలా ఉపయోగపడుతుంది. ప్రవేశద్వారం నుంచి రోడ్డు ప్రెయిరీ డాగ్‌లు అనే ఉడుత జాతి జంతువుల మైదానాన్ని దాటి, టవర్‌కు దక్షిణంగా చుట్టి, పశ్చిమాన ఉన్న విజిటర్ సెంటర్ దాకా దాదాపు 5 కిలోమీటర్లు ఎక్కుతుంది. ఈ కాస్త దూరంలోనే టవర్ రూపం నాలుగైదు సార్లు మారిపోతుంది. కనుక మొదటిసారి వెళ్లినవారు కెమెరా బయటికి తీయకుండా ఒకసారి ఆ రోడ్డు మొత్తం నెమ్మదిగా తిరిగి రావడం మంచిదని నా సలహా.

చాలామంది నేరుగా విజిటర్ సెంటర్‌కే వెళ్లి, శిల అడుగున నిలబడి, వైడ్ యాంగిల్ లెన్స్ పైకెత్తి ఫొటో తీస్తారు. ఈ పద్ధతి వల్ల జరిగే నష్టం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కెమెరాను పైకి వంచినప్పుడు నిలువు గీతలు పైన దగ్గరికి చేరినట్టు కనిపించడం అందరికీ తెలిసిందే. మామూలు భవనాలకైతే ఆ వంపును సాఫ్ట్‌వేర్‌లో సరిచేయవచ్చు. ఈ టవర్ మాత్రం సహజంగానే పైకి సన్నబడే రూపం కాబట్టి, ఈ వంపు కూడా తోడైతే శిల పొట్టిగా, మొనదేలినట్టుగా తయారై, తన బరువునూ ఎత్తునూ కోల్పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో వెనక్కి లాగితే అసలు ఏటవాలు ఎంతో, లెన్స్ తెచ్చిపెట్టినది ఎంతో తేల్చుకోలేము. అందుకే దూరం జరగడమే సరైన పరిష్కారం. ఒకటి రెండు కిలోమీటర్ల దూరం నుంచి, 70 నుంచి 200 మిల్లీమీటర్ల మధ్య లెన్స్‌తో, కెమెరాను దాదాపు సమతలంగా ఉంచి తీసిన ఫొటోలో టవర్ తన నిజమైన నిష్పత్తిలో కనబడుతుంది. చుట్టూ ఉన్న పాండెరోసా పైన్ చెట్లు కొలమానంగా నిలుస్తాయి. ప్రవేశద్వారానికి తూర్పున, 24వ నంబరు రోడ్డు పక్కన వాహనం ఆపుకునే చోట్ల నుంచి చూస్తే, గడ్డి మైదానాల మీద అది ఒంటరిగా ఎంత హఠాత్తుగా లేస్తుందో అర్థమవుతుంది. నా దృష్టిలో ఈ స్మారకంలోని అత్యుత్తమ దృశ్యాల్లో సగం దాని సరిహద్దుకు అంచునో, బయటనో ఉన్నాయి.

దగ్గరికి వెళ్లడం వృథా అని మాత్రం నేను అనను. దగ్గరికి వెళ్లినప్పుడు శిల మొత్తాన్నీ ఫ్రేములో ఇరికించాలనే కోరికను వదిలేయాలి. టవర్ ట్రయిల్ అనే కాలిబాట శిల చుట్టూ సుమారు 2 కిలోమీటర్లు తిరుగుతుంది. బాట గట్టిగా పరిచి ఉంది కాబట్టి ట్రైపాడ్ మోసుకుంటూ నడవడం ఇబ్బందేమీ కాదు. ఇక్కడ నూరు మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటి పెట్టుకుని స్తంభాల మధ్య సందులను, విరిగిపడిన బండల గుట్టలను, రాతి మీద పెరిగిన లైకెన్‌ల ఆకుపచ్చ, పసుపు మచ్చలను చూడాలి. దూరం నుంచి బూడిదరంగుగా కనిపించే రాయిలో దగ్గరికి వెళితే తెల్లటి ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు చిన్న చిన్న పలుకులుగా పొదిగి ఉంటాయి. వాన కురిసి వెలిసిన అరగంటలో రాయి ముదురు రంగుకు తిరిగి, ఈ తెల్లటి పలుకులు, లైకెన్ రంగులు ఒక్కసారిగా పైకి తేలుతాయి. అప్పుడు పోలరైజర్ ఫిల్టర్ తిప్పి, తడి మెరుపును సగం వరకే తగ్గించాలి. పూర్తిగా తీసివేస్తే రాయి మళ్లీ పొడిరాయిలా కనబడుతుంది. ఆకాశం ఎక్కువగా ఉండే వైడ్ ఫ్రేముల్లో పోలరైజర్ వాడకపోవడమే మేలు. ఒక పక్క ముదురు నీలం, మరో పక్క లేత నీలం వచ్చి, ఆ తేడాను తరువాత సరిచేయడం కష్టమవుతుంది.

ఈ బాటలోనే ఆగ్నేయపు వైపున 1893 నాటి చెక్క నిచ్చెన అవశేషాలు స్తంభాల సందులో కనిపిస్తాయి. ఆ ఏడాది జూలై 4న జరిగిన ఆరోహణ కోసం విలియం రోజర్స్, విల్లర్డ్ రిప్లీ అనే స్థానిక పశుపాలకులు రాతి పగులులో చెక్క మేకులు దిగ్గొట్టి తయారు చేసుకున్న నిచ్చెన అది. దాన్ని గుర్తుపట్టడానికి బాట పక్కన చూపు గొట్టం ఒకటి అమర్చి ఉంచారు. ఫొటో కోసం మాత్రం కనీసం 400 మిల్లీమీటర్ల లెన్స్ కావాలి. కొలమానం కోసం వెతికేవారికి అంతకంటే మంచి ఆసరా శిలారోహకులు. నలుపు, బూడిద గీతల మధ్య ఒక ఎర్రటి హెల్మెట్ చుక్కలా కనబడితే, మాటల్లో చెప్పలేని ఎత్తు ఆ ఒక్క చుక్కతో తెలిసిపోతుంది. శిల మీది వేడిగాలి ఆసరాతో టర్కీ వల్చర్ అనే గద్దలాంటి పక్షులు శిఖరం చుట్టూ తిరుగుతుంటాయి. వాటిని సెకనులో వెయ్యో వంతు వేగంతో పట్టుకుంటే స్తంభాల గీతల మీద రెక్కల రూపం స్పష్టంగా నిలుస్తుంది.

వెలుతురు విషయానికి వస్తే, ఇక్కడ ఉదయానికి ఒక చోటు, సాయంత్రానికి ఒక చోటు అన్నట్టు స్థలాలు దాదాపు నిర్ణయమై ఉన్నాయి. సూర్యోదయపు వేళ తూర్పు, ఆగ్నేయ ముఖాలు వెలుగుతాయి. అందుకు ప్రెయిరీ డాగ్‌ల మైదానం, దాని పక్కనున్న దక్షిణపు కాలిబాట, బెల్ ఫూర్ష్ నది ఒడ్డు అనుకూలం. జూన్ నెలలో సూర్యుడు ఉదయం ఐదుంబావు ప్రాంతంలోనే పైకి వస్తాడు కనుక, నాలుగున్నరకల్లా ట్రైపాడ్ నిలబెట్టి ఉండాలి. మొదటి వెలుగు శిఖరాన్ని తాకి స్తంభాల వెంట కిందికి జారడానికి కొన్ని నిమిషాలే పడుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో శిల రంగు గులాబీ నుంచి నారింజకు, తరువాత లేత పసుపుకు మారిపోతుంది. నది దగ్గర ఎర్రటి మట్టిరాళ్ల పొరలు కూడా ఉన్నాయి. 4.5 కిలోమీటర్ల రెడ్ బెడ్స్ ట్రయిల్ ఆ పొరల మీదుగానే వెళుతుంది. ట్రయాసిక్ యుగపు ఈ ఎర్రరాయి ముందు భాగంలో, బూడిద ఆకుపచ్చ శిల వెనుక భాగంలో ఉండేలా నిలబడితే రంగుల వైరుధ్యం సహజంగానే కుదురుతుంది. ఈ బాటలో జనం చాలా తక్కువ. టవర్ ట్రయిల్ మీద ఉన్నవారిలో పదోవంతు కూడా ఇటు రారనిపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన ఉదయపు ఫ్రేములు ఇక్కడే దొరికాయి.

సాయంత్రానికి జాయ్‌నర్ రిడ్జ్‌ను మించిన చోటు లేదు. విజిటర్ సెంటర్‌కు వెళ్లే దారిలో ఒక మట్టిరోడ్డు చీలి వాయువ్యంగా ఉన్న ఈ గట్టుకు తీసుకెళుతుంది. వేసవిలో సూర్యుడు వాయువ్యంగా అస్తమిస్తాడు కనుక వెలుగు వీపు వెనుక నుంచి వచ్చి శిల ముఖం మీద నిండుగా పడుతుంది. రంగు బాగుంటుంది కాని, ముందు చెప్పినట్టు స్తంభాల గీతలు కొంచెం మెత్తబడతాయి. సెప్టెంబరు తరువాత సూర్యాస్తమయం పడమరకు, ఆపైన నైరుతికి జరుగుతుంది కనుక అదే చోట వెలుగు పక్క నుంచి పడి, ప్రతి స్తంభమూ విడివిడిగా లేచి నిలుస్తుంది. ఫొటోల కోసం ఏ కాలంలో వెళ్లాలని అడిగేవారికి నేను అక్టోబరు మొదటి వారాలను సూచించడానికి ఇదే కారణం. అప్పటికి నది ఒడ్డున కాటన్‌వుడ్ చెట్ల ఆకులు కూడా పసుపు రంగుకు తిరుగుతాయి, వేసవి జనం తగ్గిపోతారు.

రాత్రి ఈ చోటు మరో లోకంలా మారుతుంది, నా సమీక్షలో అత్యధిక మార్కులు ఆ రాత్రికే. చుట్టూ పెద్ద పట్టణాలు లేకపోవడం వల్ల ఆకాశం బాగా చీకటిగా ఉంటుంది. పాలపుంత మధ్యభాగం వేసవి రాత్రుల్లో దక్షిణ దిశలో కనబడుతుంది. కనుక టవర్‌తో కలిపి దాన్ని తీయాలంటే టవర్‌కు ఉత్తరాన లేదా వాయువ్యాన నిలబడాలి. అంటే మళ్లీ జాయ్‌నర్ రిడ్జే. 14 నుంచి 20 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్ 2.8 అపెర్చర్, 15 నుంచి 20 సెకన్ల ఎక్స్‌పోజర్, ఐఎస్ఓ 3200, ఇవి మొదలుపెట్టడానికి సరిపోతాయి. ఫోకస్ మాత్రం ఆటో మీద వదలకూడదు. లైవ్ వ్యూలో ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసి చూస్తూ చేత్తోనే సరిచేసుకోవాలి. చాలాసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి, ధ్రువనక్షత్రం చుట్టూ చుక్కలు గీసే వలయాలను తీయాలనుకునేవారు దీనికి విరుద్ధంగా దక్షిణం వైపు నుంచి ఉత్తరానికి చూడాలి. ఈ ప్రదేశం 44.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక ధ్రువనక్షత్రం కూడా క్షితిజం నుంచి దాదాపు అన్నే డిగ్రీల ఎత్తున ఉంటుంది. టవర్‌కు బాగా దూరంగా నిలబడితే శిల కింద ఎక్కడో, ధ్రువనక్షత్రం పైన ఎక్కడో పడి రెండింటికీ సంబంధం తెగిపోతుంది. శిలకు దగ్గరగా జరిగి వైడ్ లెన్స్ వాడితేనే వలయాల కేంద్రం శిఖరం మీదికి వస్తుంది. దూరం జరగాలని ఇంత గట్టిగా చెప్పిన నేను, శిల మొత్తాన్నీ తీయడానికి దగ్గరికి వెళ్లమని చెప్పే సందర్భం ఇదొక్కటే.

చుక్కల ప్రస్తావన వచ్చింది కనుక ఇక్కడి ఆదివాసుల్లో కయోవా జాతివారి గాథ ఒకటి చెప్పడం సముచితం. ఎలుగుబంట్లు తరుముతుంటే ఏడుగురు ఆడపిల్లలు ఒక చిన్న బండ ఎక్కి తమను కాపాడమని ప్రార్థించారట. బండ ఆకాశం వైపు పెరుగుతూ పోయిందట. కిందనుంచి ఎలుగుబంట్లు గోళ్లతో గీసిన గీతలే ఈ స్తంభాల చారలట, ఆ పిల్లలే ఆకాశంలో చుక్కల గుంపుగా మిగిలారట. ఆ గుంపు మనం కృత్తికలని పిలుచుకునేదే. అక్టోబరు, నవంబరు నెలల్లో చీకటి పడ్డాక కృత్తికలు తూర్పు ఈశాన్యం నుంచి పైకి వస్తాయి. కాబట్టి టవర్‌కు పశ్చిమాన, విజిటర్ సెంటర్ పరిసరాల్లో నిలబడి ఓపిక పడితే, అవి శిఖరపు అంచు దాటి పైకి తేలే క్షణం ఫ్రేములోకి వస్తుంది. గాథ తెలియనివారికి అది చుక్కలున్న మంచి ఫొటో. తెలిసినవారికి ఆ శిల మీద తరతరాలుగా నిలిచిన కథే కళ్లముందు కనబడుతుంది. ఇలాంటి ఫొటో ఒక్కటి తీయడం కోసమైనా శరత్కాలంలో వెళ్లవచ్చని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

చంద్రుణ్ని టవర్ పక్కన పెద్దగా చూపించాలనుకునేవారు కొంచెం లెక్క వేసుకోవాలి. చంద్రబింబం ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు మాత్రమే ఉంటుంది. కిలోమీటరున్నర దూరంలో అర డిగ్రీ అంటే సుమారు 13 మీటర్లు, ఐదు కిలోమీటర్ల దూరంలో సుమారు 44 మీటర్లు. శిఖరం పొడవు దాదాపు 90 మీటర్లు కాబట్టి, ఐదు కిలోమీటర్ల దూరం నుంచి టెలిఫోటో లెన్స్‌తో తీస్తే చంద్రుడు శిఖరంలో సగమంత కనబడతాడు, జాయ్‌నర్ రిడ్జ్ నుంచి తీస్తే చిన్న బొట్టులాగే ఉంటాడు. అందుకని పౌర్ణమి దాటిన తెల్లవారుజామున తూర్పు రహదారి మీద చాలా దూరంలో నిలబడటం ఉత్తమం. అప్పుడు చంద్రుడు టవర్ వెనుక పడమటి వైపు దిగుతుంటాడు, సూర్యుడు మన వెనుక నుంచి లేచి శిలకు రంగు పూస్తుంటాడు, రెండింటి వెలుగూ దాదాపు సమానంగా ఉండి ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇముడుతుంది. వేసవిలో పౌర్ణమి చంద్రుడు నైరుతికి, చలికాలంలో వాయువ్యానికి జరిగి అస్తమిస్తాడు కనుక నిలబడవలసిన చోటును నెల నెలకూ పటం మీద చూసి నిర్ణయించుకోవాలి.

ఇక ఇబ్బందుల మాట. వేసవిలో ఉదయం పది నుంచి మధ్యాహ్నం నాలుగు దాకా విజిటర్ సెంటర్ దగ్గర పార్కింగు నిండిపోవడం మామూలే. వేళకాని వేళల్లో తిరిగే ఫొటోగ్రాఫర్లకు ఇది పెద్దగా తగలదు. లోపల భోజనశాల లేదు, కనుక ఆహారం వెంట ఉంచుకోవాలి. రాత్రి రోడ్డు మీదికి జింకలు వస్తాయి, గడ్డిలో ర్యాటిల్‌స్నేక్‌లనే విషపు పాములు ఉంటాయి. తలకు ఎర్రటి దీపం, కాళ్లకు గట్టి బూట్లు లేకుండా చీకట్లో బాట దిగకూడదు. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములతో కూడిన గాలివానలు హఠాత్తుగా లేస్తాయి. పిడుగుల సమయంలో ఎత్తైన గట్టు మీద లోహపు ట్రైపాడ్ పక్కన నిలబడటం ప్రమాదం. కారులో కూర్చుని వాన వెలిసే దాకా ఆగితే, మబ్బులు విచ్చుకునే ఆ తరువాతి అరగంటలో వచ్చే వెలుగు అంత ఎదురుచూపుకూ తగినదే.

బస కోసం నది పక్కనే బెల్ ఫూర్ష్ క్యాంపు మైదానం ఉంది. సాధారణంగా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా తెరిచి ఉంటుంది. ముందుగా రిజర్వేషన్ లేదు, ముందొచ్చినవారికే చోటు. స్నానాల గదులు, విద్యుత్ కనెక్షన్ లేవు కాబట్టి బ్యాటరీలన్నీ ముందే నింపుకుని వెళ్లాలి. అయినా గుడారం నుంచి బయటికి రాగానే టవర్ ఎదురుగా కనబడే ఈ మైదానాన్ని వదులుకుని, దూరపు హోటల్లో దిగమని నేను ఎవరికీ చెప్పను. మైదానానికి దగ్గరలోనే, పిక్నిక్ స్థలంలో, జపాన్ శిల్పి జుంక్యు ముతో చెక్కిన పాలరాతి వలయం ఉంది. 2008లో ప్రతిష్ఠించిన ఈ శిల్పం ఆదివాసుల పవిత్ర ధూమపానపు గొట్టం నుంచి లేచే పొగను సూచిస్తుంది. దీనికి ముందు ఇదే వరుసలోని శిల్పాలు వాటికన్‌లోనూ, మన బుద్ధగయలోనూ నిలిచాయి. వలయంలోంచి టవర్ కనబడేలా ఫ్రేము కట్టడం అందరూ చేసే పనే. ఉదయపు వెలుగులో, ఎఫ్ 11 దాటిన అపెర్చర్‌తో, రెండూ స్పష్టంగా ఉండేలా తీసినప్పుడు మాత్రం ఆ పాత ఉపాయం కూడా నిండుగా ఫలిస్తుంది.

ఇక్కడ ఫొటో తీసేవారు పాటించవలసిన మర్యాద గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఈ శిల లకోటా, షయాన్, అరాపహో, క్రో, కయోవా మొదలైన జాతులకు పవిత్ర స్థలం. లకోటావారు దీన్ని మతో థిపిలా అంటారు, అంటే ఎలుగుబంటి నివాసం. 1875లో బ్లాక్ హిల్స్‌కు వచ్చిన సైనిక యాత్రలో కర్నల్ రిచర్డ్ డాడ్జ్ వాడిన సైతాను పేరు పటాల మీద స్థిరపడింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1906 సెప్టెంబరు 24న దేశంలో మొట్టమొదటి జాతీయ స్మారకంగా ప్రకటించినప్పుడు కూడా ఆ పేరే నిలిచింది. ఆ పేరు నచ్చని జాతుల విన్నపాలు ఇప్పటికీ ఉన్నాయి. బాట వెంట చెట్ల కొమ్మలకు రంగురంగుల గుడ్డలు, చిన్న మూటలు కట్టి కనిపిస్తాయి. అవి ప్రార్థనలు. వాటిని ముట్టుకోకూడదు, కదపకూడదు. గాలికి ఊగే ఎర్ర గుడ్డ వెనుక బూడిదరంగు శిల ఎంత ఆకర్షణీయంగా కనిపించినా, దాని మీదికి లెన్స్ తిప్పకపోవడమే ధర్మమని నేను నమ్ముతాను. జూన్ నెలలో ఆదివాసుల క్రతువులు జరుగుతాయి. ఆ నెలలో శిల ఎక్కవద్దని 1995 నుంచి శిలారోహకులను స్మారకం అభ్యర్థిస్తోంది, చాలామంది స్వచ్ఛందంగా మానుకుంటున్నారు. ఫొటోగ్రాఫర్లు కూడా అదే గౌరవం చూపించి, క్రతువులో ఉన్నవారిని అడగకుండా తీయకూడదు. డ్రోన్లు 2014 నుంచి అమెరికా జాతీయ ఉద్యానవనాలన్నింటిలోనూ నిషిద్ధం. ఈ నిషేధం ఇక్కడ ఎంతో అవసరం కూడా. శిల మీద గూళ్లు కట్టుకునే ఫాల్కన్ పక్షుల కోసం కొన్ని ఆరోహణ మార్గాలనే మూసి ఉంచేచోట, డ్రోన్ రొదకు తావు ఎక్కడిది?

మిగతా సైతాను పేర్ల చోట్లతో పోల్చి చూస్తే తీర్పు తేలికవుతుంది. 1911లో స్మారకమైన డెవిల్స్ పోస్ట్‌పైల్‌లో బసాల్టు స్తంభాలు సుమారు 18 మీటర్ల ఎత్తే కాని, వాటి తలల మీద హిమానీనదం నునుపు చేసిన షట్కోణపు పలకలు దగ్గరి ఫొటోలకు ఇంతకంటే గొప్పవి. అయితే సాధారణ సంవత్సరాల్లో వేసవి పగటిపూట అక్కడికి షటిల్ బస్సులో వెళ్లాలి, మన వేళ మన చేతిలో ఉండదు. డెవిల్స్ గోల్ఫ్ కోర్స్‌లో పదునైన ఉప్పు శిఖరాలు నేల బారు వెలుగులో అద్భుతంగా ఉంటాయి కాని, ఒకే రకం దృశ్యం కనుక ఒక ఉదయంతో పని పూర్తవుతుంది. సెడోనా వంతెన మీద నిలబడి ఫొటో దిగడానికి జనం వరుస కట్టి ఉంటారు, మనుషులు లేని ఫ్రేము కావాలంటే తెల్లవారకముందే నడక మొదలుపెట్టాలి. వేళ మీద పూర్తి స్వేచ్ఛ, దూరానికీ దగ్గరికీ వేర్వేరు దృశ్యాలు, పగలుకూ రాత్రికీ వేర్వేరు చోట్లు, ఈ మూడూ కలిసి దొరికేది డెవిల్స్ టవర్‌లోనే.

ఒక్క పూట మాత్రమే వీలయ్యేవారికి నా సిఫారసు ఇది. మధ్యాహ్నం నాలుగు దాటాక లోపలికి వెళ్లి, టవర్ ట్రయిల్ మీద ఒకే లెన్స్‌తో దగ్గరి వివరాలు తీసుకోండి. సూర్యాస్తమయానికి గంట ముందు జాయ్‌నర్ రిడ్జ్ చేరి, చీకటి పూర్తిగా పడే దాకా అక్కడే ఉండండి. సూర్యుడు దిగిపోయాక చాలామంది సామాను సర్దుకుని వెళ్లిపోతారు. ఆ తరువాతి ఇరవై నిమిషాల నీలి వెలుగులో, ఐఎస్ఓ 100 మీద, ఎఫ్ 8 వద్ద, రెండు నుంచి ఎనిమిది సెకన్ల ఎక్స్‌పోజర్లతో వరుసగా తీస్తూ పోండి. స్తంభాల నీడల్లో వివరం ఉండగానే ఆకాశంలో మొదటి చుక్కలు కూడా నమోదయ్యే వేళ అది. ఆ వెలుగు కోసం ట్రైపాడ్‌ను ముందే బిగించి, ఫ్రేమును వెలుతురుండగానే కుదుర్చుకుని ఉంచాలి.